పూలదండలతో వేటకెళ్ళిన వెబ్‌సైటు

మా వెబ్‌సైటు మొదలైన రోజు మా బావ ఇంటర్నెట్ సెంటరు గుమ్మంలో కొబ్బరికాయ కొట్టాడు. కొట్టింది గుమ్మంలోనే అయినా నీళ్ళు లోపలికి చిమ్మి మొదటి కంప్యూటరు కీబోర్డు మీద పడ్డాయి. ఆ సెంటరు నడిపే భాయ్ పాత ఊరి మనిషి. వాళ్ళ నాన్నగారి కాలంలో అదే గదిలో గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. భాయ్ తువ్వాలు తెచ్చి, కీబోర్డును బోర్లించి తుడిచాడు. ఇంకో కాయ తీస్తే మాత్రం మమ్మల్ని బయటికి పంపిస్తాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది. మా అక్క హారతి పళ్ళెం పట్టుకుని వెనక నిలబడింది. నేను కుర్చీలో కూర్చుని ఎంటర్ నొక్కాను. తెర మీద పసుపు రంగు పడవ కదిలింది, డప్పులు మోగాయి, మా బావ ఈల వేశాడు. అంత సంతోషం నాకు డిగ్రీ పాసైన రోజు కూడా కలగలేదు.

ఒక్క వెబ్‌సైటుకు ఇంత హంగామానా అంటారేమో. మా బావ సంగతి చెప్తాను, అప్పుడు మీరే ఒప్పుకుంటారు.

మాది విశాఖలో జాలరిపేట. మా నాన్న చేపల వేటకు వెళ్ళేవాడు, మా బావ ఓడల వేటకు వెళ్ళేవాడు. రేవులో చోటు దొరికేదాకా సరుకు ఓడలు సముద్రం మధ్యలో లంగరేసి ఆగుతాయి. అందులో ఉన్నవాళ్ళకు కూరగాయలు కావాలి, పచ్చి చేపలు కావాలి, పళ్ళు కావాలి. మా బావ ఒడ్డున నిలబడి, అంత దూరాన ఓ చుక్క కనబడగానే పడవ తోసేవాడు. పొగగొట్టం రంగు చూసి ఏ కంపెనీ ఓడో చెప్పేవాడు. ఎవరి పడవ ముందు చేరితే వాళ్ళదే బేరం. ముందు చేరేది ఎప్పుడూ మా బావే. ఓడ ఎక్కగానే సరుకు మాట ఎత్తేవాడు కాదు. మొదట కెప్టెనుకో వంటాయనకో కొబ్బరిబొండం కొట్టి ఇచ్చేవాడు. వాళ్ళు తాగి మూతి తుడుచుకున్నాకే ఏం కావాలో అడిగేవాడు. అలా కాకుండా మరోలా వ్యాపారం చేయొచ్చని ఆయనకు తెలియదు.

అప్పుడు కొత్త భద్రతా నియమాలు వచ్చాయి. చిన్న పడవలేవీ ఓడల దరిదాపులకు పోకూడదన్నారు. సరుకులిచ్చేవాళ్ళకు పాసులు ఇచ్చారు, మా బావకూ ఒకటి వచ్చింది. అయితే పాసు మెడలో వేలాడుతున్నా, ఓడవాళ్ళు ఫలానా మనిషి కావాలని ముందే కబురు పెడితేనే గేటు లోపలికి వదులుతారు. ఇంతకు ముందు బావ ఓడను వెతుక్కుంటూ వెళ్ళేవాడు. ఇప్పుడు ఓడ బావను వెతుక్కుంటూ రావాలి. ఎక్కడో నడిసముద్రంలో ఉన్నవాడికి జాలరిపేటలో ఇలాంటి మనిషొకడు ఉన్నాడని ఎవరు చెప్తారు?

పరవాడలో ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఉందని బావ స్నేహితుడు చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా యూనిఫాం కోసమని ఖాకీ గుడ్డ కూడా పంపించాడు. మా అక్క దాన్ని టైలరుకు ఇవ్వకుండా ట్రంకుపెట్టె అడుగున దాచింది. సముద్రం కనపడకపోతే అన్నం సయించని మనిషిని రోజంతా ఒక గేటుకు కట్టేస్తే ఏమవుతాడో అక్కకు తెలుసు. నాకూ తెలుసు. బావ మాత్రం నవ్వుతూ చెప్పాడు.

“దసరా దాకా సూత్తాను. ఏదైనా ఓడ పిలిస్తే సరే. నేదంటే ఖాకీ సొక్కా ఏసుకుంతాను.”

నవ్వుతూ చెప్పిన మాటకే నాకు ఎక్కువ భయం వేసింది.

నేను అప్పుడే ద్వారకా నగర్‌లో వెబ్ డిజైన్ కోర్సు పూర్తిచేశాను. ఆ రోజుల్లో ఆ వీధిలో ఏ మేడ చూసినా పై నుంచి కింది దాకా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ బోర్డులే ఉండేవి. ఉద్యోగం ఇంకా రాలేదు గాని బుర్ర నిండా విద్యలు ఉన్నాయి. బొమ్మలు కదిలించడం వచ్చు, అక్షరాలు పరిగెత్తించడం వచ్చు, పాట మోగించడం వచ్చు. కొత్తగా ఈత నేర్చిన పిల్ల నీళ్ళు ఎక్కడ కనబడినా దూకుతుంది కదా. ఏ కాపలావాడూ ఆపలేని పడవ ఒకటి చేసిస్తానని బావకు మాటిచ్చాను. అది నేరుగా ఓడలోకే వెళ్ళి నిలబడుతుందన్నాను. బావ కళ్ళు మెరిశాయి. ఆ మాట ఆయన అక్షరాలా నమ్మాడు, అక్కడే మొదలైంది అసలు కథ.

మా పేటలో కొత్త పడవను ఊరికే నీళ్ళలోకి తోయరు. పసుపు పూస్తారు, కుంకుమ బొట్లు పెడతారు, నిమ్మకాయలు గుచ్చుతారు, కొస నుంచి కొసకు బంతిపూల దండలు కడతారు. మైకు సెట్టు పెడతారు, డప్పులు కొడతారు. పేటంతా వచ్చి చూసి, మెచ్చుకుని, భోంచేసి వెళ్తారు. వెబ్‌సైటు కూడా పడవే అన్నాక దానికివన్నీ లేకపోతే ఎలా అన్నాడు బావ. నాకూ ఆ మాట బాగా నచ్చింది. ఆ వారమంతా రోజూ భాయ్ సెంటరులో నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఆయన చెప్తుంటే, నేను చేస్తూ పోయాను.

తెర తెరవగానే పడవ రావాలి. కెరటాల మీద ఊగుతూ, ఎడమ నుంచి కుడికి, హుందాగా, మెల్లగా. వెనకాల డప్పులు మోగాలి. వెనక రంగు కుంకుమ, అక్షరాలు పసుపు. చుట్టూ పందిట్లో లాగా వెలిగి ఆరే సీరియల్ లైట్లు. మౌసు బాణం ఎటు పోతే అటు చిన్న చేపల గుంపు వెంటపడాలి, ఇది నా సొంత ఆలోచన. గంగమ్మ తల్లి పటం, పట్టు చొక్కాలో బావ ఫొటో, పక్కన అక్క, వెనకాల వాళ్ళ వంశమంతా. కూరగాయలు, చేపలు, పళ్ళు అని పేర్లు రాయకుండా బొమ్మలు పెట్టాం. బొమ్మ మీద నొక్కితే పేజీ తెరుచుకుంటుంది. కూరగాయల పేజీ ఇంకా రాయలేదు కాబట్టి, అక్కడ పార పట్టుకుని తవ్వుతున్న మనిషి బొమ్మ పెట్టి, పని జరుగుతోందని రాశాను.

ఫోను నంబరు ఎక్కడ పెట్టాలా అని నేను ఆలోచిస్తుంటే, పడవ నంబరు ఎక్కడుంటుందో ఇదీ అక్కడే ఉంటుంది, ఇందులో ఆలోచించేదేముంది అన్నాడు బావ. అంటే పడవ ముందు కొసన, మొగదల మీద. నిజమే అనిపించింది. తెల్ల రంగుతో పడవ మొగదల మీద నంబరు రాశాను. పడవతో పాటే నంబరు వస్తుంది, పడవతో పాటే వెళ్ళిపోతుంది. అప్పుడు మాకది ఎంత అందంగా అనిపించిందో చెప్పలేను.

చివర్లో ఇంకొకటి చేశాం. మా ఇంటికొచ్చినవాళ్ళు లేచి నిలబడితే, అప్పుడే ఏం తొందర, కూర్చోండి అనకుండా పంపించం. అలా అనకపోతే వెళ్ళిపొమ్మన్నట్టే. అందుకని ఎవరైనా వెబ్‌సైటు మూసేయబోతే చిన్న కిటికీ ఒకటి తెరుచుకుని, అప్పుడే వెళ్ళిపోతున్నారా, కాసేపు కూర్చోండి అని ఇంగ్లీషులో అడుగుతుంది. దాన్ని మూస్తే మళ్ళీ ఇంకోసారి అడుగుతుంది. మర్యాదకు ఒకసారి అడిగితే చాలదు కదా.

ఇదంతా ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. కాకి పిల్ల కాకికి ముద్దు. మాకు ఆ రోజుల్లో అంతకంటే గొప్ప వెబ్‌సైటు ప్రపంచంలో లేదు. పేజీ అడుగున ఎంతమంది చూశారో చూపించే అంకెలు పెట్టాను. ఆ అంకెలు పెరుగుతుంటే మాకు కాళ్ళు నేల మీద ఆగేవి కావు. పొద్దున చూస్తే పెరిగేవి, సాయంత్రం చూస్తే మరికాస్త పెరిగేవి. ఓడలన్నీ మమ్మల్నే చూస్తున్నాయని బావ చేపల వేలం దగ్గర అందరికీ చెప్పాడు. ఇక పడవ చాలదు, లారీ కావాలేమోనని లెక్కలు వేసుకున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని అక్క మూతి తిప్పింది. మేమిద్దరం పట్టించుకోలేదు.

అయితే ఒక్క ఓడా పిలవలేదు. మెయిలు పెట్టె తెరిస్తే ఖాళీ. నేను భాయ్‌ని అడిగాను, మెషీన్లో ఏమైనా లోపముందేమోనని. ఆయన గొంతు సవరించుకుని, లోపమేమీ లేదమ్మా, మీ పేట కుర్రాళ్ళంతా సాయంత్రమైతే ఇక్కడికొచ్చి మీ సైటే తెరుస్తున్నారు, డప్పులకు చిందేస్తున్నారు, పక్క క్యాబిన్లవాళ్ళు లేచిపోతున్నారు అన్నాడు. ఆ అంకెలన్నీ మావాళ్ళవే. ఈ సంగతి నేను బావకు చెప్పలేకపోయాను. వానలు తగ్గాయి, వినాయకుడి నిమజ్జనం అయింది, దసరా దగ్గరపడింది. ట్రంకుపెట్టెలో ఖాకీ గుడ్డ అలాగే ఉంది.

అప్పుడు వచ్చాడు మా మొట్టమొదటి అసలైన చూపరి.

ఫిలిప్పీన్స్ మనిషి, బొగ్గు తెచ్చే ఓడలో పెద్ద వంటాయన. మా బావ చేతి బొండాలు చాలా ఏళ్ళు తాగినవాడు. ఓడ రేవులో ఉండగా ఊరు చూడ్డానికి బయటికొస్తే, పాత పోస్టాఫీసు దగ్గర బావ కంటపడ్డాడు. ఇద్దరూ నడిరోడ్డు మీద కౌగలించుకున్నారట. ఈసారి మాకు సరుకులు ఎవరో ఇచ్చారు, నువ్వెక్కడికి పోయావని ఆయన అడిగాడు. ఎవరిని పిలవాలన్నది ఇప్పుడు తన చేతిలో లేదనీ, విదేశంలో ఉన్న కంపెనీ ఆఫీసులో ఒకావిడ ఒక్కో రేవుకు ఒక్కో మనిషిని కంప్యూటర్లో చూసి ఎంచుతుందనీ చెప్పాడు. నీ గురించి ఆవిడకు రాస్తాను, నీకేమైనా వెబ్‌సైటుందా అని అడిగాడు.

ఉందా అంటే! బావ ఆయన చెయ్యి పట్టుకుని దాదాపు లాక్కొచ్చాడు భాయ్ సెంటరుకు. నేను అక్కడే ఉన్నాను. వచ్చిన మనిషి ఎవరో తెలియగానే నా గుండె డప్పులకంటే గట్టిగా కొట్టుకుంది. ఇన్నాళ్ళకు ఒక నిజమైన ఓడ మనిషి మా సైటు చూడబోతున్నాడు. ఆయన్నే కూర్చోబెట్టి, మేమెవరం సాయం చేయకుండా, ఓడలో కూర్చుని చూసినట్టే చూడమన్నాను. నేను, బావ వెనక నిలబడ్డాం. బావ నా భుజం మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు.

వంటాయన అడ్రసు కొట్టాడు. తెర ఎర్రబడింది. చాలాసేపు ఎర్రగానే ఉంది. ఆయన ఓసారి వెనక్కి తిరిగి నవ్వాడు. తర్వాత ఒక్కసారిగా డప్పులు మోగాయి. ఆయన కుర్చీలో ఉలిక్కిపడ్డాడు. క్యాబిన్లలోంచి తలలు బయటికొచ్చాయి. ఆయన సిగ్గుపడి ఆపే బొత్తాం కోసం వెతికాడు, అలాంటిది మేము పెట్టలేదు. పడవ బయల్దేరింది. మా పడవ అంత మెల్లగా వెళ్తుందని నాకు ఆ రోజే తెలిసింది. మొగదల మీద నంబరు చూసి ఆయన గబగబా జేబులోంచి పెన్ను తీశాడు. క్యాపు తీసేలోగా పడవ అవతలి గట్టు దాటిపోయింది. పేజీని మొదటి నుంచి తెరిచే గుర్తు నొక్కాడు. మళ్ళీ ఎర్ర తెర, మళ్ళీ డప్పులు, మళ్ళీ పడవ. ఈసారి పెన్ను పట్టుకునే కూర్చున్నాడు. సగం నంబరు రాసేసరికి సీరియల్ లైట్లు వెలిగితే కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకున్నాడు. బాణాన్ని కూరగాయల బొమ్మ మీదకు తీసుకెళ్తే చేపల గుంపు వచ్చి బొమ్మను కప్పేసింది. ఎలాగో నొక్కాడు. పార పట్టుకున్న మనిషి తవ్వుతూ కనిపించాడు. నా భుజం మీద తాళం ఆగిపోయింది.

ఆయన మూసేయబోయాడు. అప్పుడే వెళ్ళిపోతున్నారా, కాసేపు కూర్చోండి అంది కిటికీ. మూశాడు. మళ్ళీ అంది.

నాకు ముందు ఆయన మీదే కోపం వచ్చింది. ఇంత ఓపిక లేనివాడు పాతికమందికి అన్నం ఎలా వండుతాడా అనుకున్నాను. ఆయన మాత్రం కుర్చీ వెనక్కి జరిపి, బావ వైపు చూసి, నొచ్చుకోకూడదన్నట్టు నవ్వుతూ తన ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు.

“పడవ చాలా బాగుంది, తమ్ముడూ. కొట్టు ఎక్కడ?”

బావకు ఇంగ్లీషు అంతంత మాత్రమే గానీ ఆ మాట అర్థమైంది. వంటాయన లేచి ఆయన భుజం తట్టాడు. మా ఓడ రేపు సాయంత్రం వెళ్ళిపోతుంది, వెళ్ళే ముందు మళ్ళీ ఇక్కడికొస్తాను, అప్పటికి కొట్టు కనబడితే ఆఫీసావిడకు రాస్తాను అన్నాడు. ఆవిడకు తన పాటి ఓపిక కూడా ఉండదట.

ఇంటికొచ్చాం. అన్నం ముందు కూర్చున్నాక నేను మొదలుపెట్టాను. అన్నీ తీసేద్దాం బావా, పడవ, డప్పులు, లైట్లు, చేపలు, అన్నీ. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, పైనే ఫోను నంబరు. బావ ముద్ద కంచంలో వదిలేశాడు.

“బొట్టు నేదు, దండ నేదు, పటం నేదు. అది పడవేటే మరదలా? ఇడిసీసిన చెక్క.”

నేనూ తక్కువ తినలేదు. అలంకారాలన్నీ చెప్పింది నువ్వే, చేసింది నేనే, ఇప్పుడు చూసేది మనిద్దరం కాదు, ఎక్కడో కూర్చున్న ఆవిడ అన్నాను. ఆవిడ వచ్చి మన పందిట్లో భోంచేయదు, ఆవిడకు ఉల్లిపాయలు కావాలి, అంతే అన్నాను. బావ గొంతు పెంచాడు, నేనింకా పెంచాను. పక్కింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. నాకు ఏడుపొచ్చింది, బావ ఖాకీ చొక్కాలో కళ్ళముందు కనబడుతుంటే కోపంతో కలిసి వచ్చిన ఏడుపు.

అంతవరకూ చారు వడ్డిస్తూ వింటున్న అక్క గరిటె కింద పెట్టింది.

“పడవ దింపిన్రోజున దండలేత్తాం. మర్నాడు వేటకెల్తే అయన్నీ తీసీమా? దండల్తోటి ఎవుడైనా వలిసురుతాడేటి?”

బావ అక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు. అది నిజం. మా పేటలో పుట్టిన ప్రతి మనిషికీ తెలిసిన నిజం. పడవ దిగిన రోజు ఎంత ముస్తాబు చేసినా, మర్నాడు వేటకు తోసే ముందు దండలన్నీ విప్పేస్తారు. పువ్వులు వలకు చిక్కుతాయి, కాళ్ళకు చుట్టుకుంటాయి. మా వెబ్‌సైటు నీళ్ళలోకి దిగింది గాని దండలు విప్పడం మేమిద్దరం మరిచిపోయాం. ఇన్నాళ్ళూ అది ఊరేగింపులోనే ఉంది, వేటకు వెళ్ళనేలేదు.

బావ మళ్ళీ ముద్ద కలిపాడు. గంగమ్మ పటం మాత్రం ఉండాలి అన్నాడు. ఉంటుందన్నాను.

మర్నాడు పొద్దున భాయ్ షట్టరు ఎత్తేటప్పటికి నేను మెట్ల మీద ఉన్నాను. ఆ పొద్దున నేను పనిచేసినంత హుషారుగా తర్వాత ఏ పెద్ద ఆఫీసులోనూ చేయలేదు. ఒక్కో దండ విప్పుతుంటే చేతులు తేలికైపోయాయి. పడవ పోయింది, డప్పులు పోయాయి, చేపల గుంపు పోయింది. మర్యాద చేసే కిటికీ పోయింది. దాన్ని తీసేటప్పుడు మాత్రం ఇంటికొచ్చిన చుట్టాన్ని వెళ్ళిపొమ్మన్నట్టు నా మనసు కాస్త చివుక్కుమంది. కుంకుమ రంగు పోయి తెలుపు వచ్చింది. పైన ఒకే వాక్యం, విశాఖ రేవులో ఓడలకు కూరగాయలు, చేపలు, పళ్ళు తెచ్చిస్తామని. దాని కిందే ఫోను నంబరు, మెయిలు అడ్రసు, కదలకుండా. ఆ కింద సరుకుల పేర్లు అక్షరాల్లో. ముందు రోజు కబురు పెడితే మర్నాడు పొద్దున్నే ఓడ దగ్గరుంటామన్న మాట. అన్నిటికంటే అడుగున బొటనవేలంత గంగమ్మ.

బావ వచ్చి చూశాడు. చూడ్డం ఇలా మొదలుపెట్టాడో లేదో పేజీ అయిపోయింది. ఇంతేనా అన్నట్టు నా ముఖం చూశాడు. కిరాణా కొట్టు బోర్డులా ఉంది అన్నాడు. అదే కదా వంటాయన అడిగింది, కొట్టు ఎక్కడని, అన్నాను. ఆ మాటకు చివరికి నవ్వాడు.

మధ్యాహ్నం వంటాయన వచ్చాడు. కూర్చున్నాడు, అడ్రసు కొట్టాడు, పేజీ తెరుచుకుంది. చప్పుడు లేదు. ఆయన పెన్ను తీసి నంబరు రాసుకున్నాడు. అక్కడే, ఆ కుర్చీలోనే కూర్చుని కంపెనీ ఆఫీసుకు మెయిలు రాశాడు. రాయడం అయ్యాక బావ బయటికెళ్ళి బొండం తెచ్చి కొట్టి ఇచ్చాడు. వ్యాపారం అయ్యాక బొండం ఇవ్వడం బావ జీవితంలో అదే మొదటిసారి.

ఓడ వెళ్ళిపోయింది. మేము ఎదురుచూశాం. రోజూ మెయిలు పెట్టె తెరవడం, ఖాళీగా ఉండడం, బావ వచ్చి చూసి వెళ్ళిపోవడం. అంకెలు కూడా తీసేశాను కాబట్టి సంతోషపడ్డానికి ఏదీ లేదు. పేట కుర్రాళ్ళు డప్పులు లేవని భాయ్‌ని నిలదీశారట. పరవాడ నుంచి స్నేహితుడు మళ్ళీ కబురు పెట్టాడు. పండగ వెళ్ళిన మర్నాడే ఉద్యోగంలో చేరాలట. అక్క ట్రంకుపెట్టె తెరిచి ఖాకీ గుడ్డ బయటికి తీసింది. తీసి, టైలరు దగ్గరికి వెళ్ళకుండా మంచం మీద పెట్టి ఊరుకుంది.

ఆయుధ పూజ రోజు పేటంతా పడవలకు పసుపు పూస్తున్నారు. వలలకు, తెడ్లకు, ఇంజన్లకు పువ్వులు. మా బావ తన పడవకు పూజ చేసి, పెద్ద బంతిపూల దండ ఒకటి చేతిలో పట్టుకుని భాయ్ సెంటరుకు బయల్దేరాడు. నేను, అక్క వెనకాలే వెళ్ళాం. ఇదీ నా పడవే, దీనికీ పూజ చెయ్యాలి, చేసి నీకు ఒప్పజెప్పేస్తాను అన్నాడు దారిలో నాతో. ఒప్పజెప్పడం అన్న మాట అక్క విననట్టే నడిచింది. భాయ్ దండను చూడగానే ముందు కీబోర్డు పక్కకు తీశాడు. కొబ్బరికాయ లేదని మాటిచ్చాక మళ్ళీ పెట్టాడు.

బావ మానిటరుకు బొట్టు పెట్టి దండ వేశాడు. దండ పెద్దది, తెర సగం కప్పేసింది. అక్క కర్పూరం వెలిగించబోతే, బయట వెలిగించమన్నాడు భాయ్. దండం పెట్టుకున్నాం. అయింది కదా అని, అలవాటు కొద్దీ నేను మెయిలు పెట్టె తెరిచాను. పువ్వుల సందులోంచి ఏదో నల్లగా, లావు అక్షరాల్లో కనిపించింది. ఆ పెట్టెలో లావు అక్షరాలు నేనెప్పుడూ చూడలేదు. కొత్త ఉత్తరమైతేనే అలా కనిపిస్తుంది. వేలు పెట్టి చూపించాను.

బావ వంగి చూశాడు. పువ్వులు అడ్డంగా ఉన్నాయి. చెయ్యి పెట్టి దండ మెల్లగా ఎత్తి, మానిటరు మీద నుంచి తీసేసి పక్కన పెట్టాడు.

కంపెనీ ఆఫీసావిడ రాసింది. వాళ్ళ ఓడ ఒకటి విశాఖ వస్తోంది, సరుకులు మీరివ్వగలరా అని. కింద కావలసినవి రాసింది, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పచ్చి చేపలు. మర్యాదలేవీ లేవు, కూర్చున్నారా తిన్నారా అని లేదు, నాలుగు లైన్లంతే. నేను ఒక్కో లైనూ తెలుగులో చదివి చెప్తుంటే బావ గోడకు జారబడి కింద కూర్చుండిపోయాడు. అక్క గట్టిగా ఏడ్చేసింది. భాయ్ మా ముగ్గురికీ టీ తెప్పించాడు. నేనైతే ఆ మెయిలు మళ్ళీ మళ్ళీ చదివాను, నోట్లో బెల్లం ముక్క ఉన్నట్టుంది ఆ రోజంతా.

తర్వాతి రోజుల్లో నేను ఎంతోమందికి వెబ్‌సైట్లు చేశాను. ఆటోనగర్ వర్క్‌షాపులవాళ్ళకు, హోటళ్ళవాళ్ళకు, పెద్ద పెద్ద కంపెనీలకు. అందరూ మొదట దండలే అడుగుతారు. అందరికీ చెప్పి చూస్తాను, వినరు. కొత్త సైటేదైనా తెరిచినప్పుడు పాట మోగితే, బొమ్మ ఆడితే, వెళ్ళబోతుంటే కిటికీ అడ్డం వస్తే, నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆపే బొత్తాం కోసం వెతుకుతున్న ఆ వంటాయనే గుర్తొస్తాడు.

ఆ ఓడ వచ్చే రోజు పొద్దున నేను, అక్క ఒడ్డుకు వెళ్ళాం. సరుకు ముందే గోనెల్లో సర్ది పెట్టుంది. బావ ఇసుకలో నిలబడి సముద్రాన్ని చూస్తున్నాడు. దూరంగా చుక్క తేలింది. ఇదివరకైతే పరుగెత్తి పడవ తోసేవాడు, పొగగొట్టం రంగు కోసం కళ్ళు చిట్లించేవాడు. ఆ రోజు కదల్లేదు. ఓడ పేరు చెప్పి, వచ్చీసింది అన్నాడు. చుక్కగా ఉండగానే ఆయనకు పేరు తెలిసిన మొదటి ఓడ అది.

రేవు గేటు దగ్గరికి సరుకు లారీలో వెళ్ళింది. బావ భుజానికి ఒక సంచి తగిలించుకున్నాడు, నిండా కొబ్బరిబొండాలు. ఖాకీ సంచి. పండగ వెళ్ళిన మర్నాడే మా అక్క ఆ గుడ్డను కత్తిరించి తన చేత్తో కుట్టింది. గేటు దగ్గర కాపలా మనిషి కాగితంలో పేరు వెతికాడు. పేరు ఉంది. లోపలికి వెళ్ళమన్నాడు. బావ వెళ్ళలేదు. ఎండలో నిలబడున్న ఆ మనిషి ఖాకీ చొక్కా వైపు ఓ క్షణం చూసి, సంచిలోంచి మొదటి బొండం తీసి, కొట్టి, అతనికి ఇచ్చాడు. అతను తాగి మూతి తుడుచుకున్నాకే బావ లోపలికి నడిచాడు.